హింస జరిగిన ఇంట్లో కుటుంబ చికిత్స: పనిచేసిందని ఎలా తెలుసుకోవాలి?

ఒక బిడ్డ సొంత ఇంట్లోనే దెబ్బలు తింటున్నదని గానీ, వేళకు తిండీ జబ్బుకు వైద్యమూ లేకుండా పెరుగుతున్నదని గానీ తేలినప్పుడు బాలల సంరక్షణ అధికారుల ముందు ప్రధానంగా మూడు దారులు ఉంటాయి. బిడ్డను ఆ ఇంటి నుంచి తీసుకెళ్లి మరొక చోట ఉంచవచ్చు. ఇంట్లోనే ఉంచి అప్పుడప్పుడూ వచ్చి చూసి పోవచ్చు. లేదా ఇంట్లోనే ఉంచి, ఆ ఇల్లు నడిచే తీరునే మార్చే ప్రయత్నం చేయవచ్చు. మొదటి దారి దెబ్బల నుంచి కాపాడినా తల్లిదండ్రుల నుంచీ తోబుట్టువుల నుంచీ తెలిసిన బడి నుంచీ బిడ్డను విడదీస్తుంది. రెండో దారిలో ప్రమాదం ఉన్నది ఉన్నట్టే మిగిలిపోతుంది. అందువల్ల మూడోదైన కుటుంబ చికిత్స మీద అందరూ ఆశ పెట్టుకుంటారు. 1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడికలో 19వ అధికరణం బిడ్డను హింస నుంచీ నిర్లక్ష్యం నుంచీ కాపాడాలని ప్రభుత్వాలకు చెబుతుంది. 9వ అధికరణం బిడ్డ మేలుకు అవసరమైతే తప్ప తల్లిదండ్రుల నుంచి వేరు చేయకూడదంటుంది. ఈ రెండు బాధ్యతలనూ ఒకేసారి నెరవేర్చగలనని ఏదైనా చికిత్స చెప్పుకుంటే, ఆ మాట నిజమో కాదో పరీక్షించి తీరాలి. ఆ పరీక్షలోని చిక్కులన్నీ చివరకు ఒకే ప్రశ్న దగ్గరకు చేరతాయని నా అభిప్రాయం: చికిత్స ‘పనిచేసింది’ అన్నప్పుడు లెక్కపెట్టింది దేనిని, ఆ లెక్కలో బిడ్డకు చోటు ఎక్కడ?

ముందుగా చికిత్స గురించి. ఒక మనిషి ప్రవర్తనను ఆ మనిషిలోనే కాక, చుట్టూ ఉన్న సంబంధాల్లో కూడా వెతకాలన్నది కుటుంబ చికిత్సకు మూలమైన ఆలోచన. 1960లలో సాల్వడార్ మినూచిన్ అనే మనోవైద్యుడు న్యూయార్క్‌లోని పేద కుటుంబాలతో పనిచేస్తూ, ఇంట్లో ఎవరి మాట ఎవరు వింటారు, పెద్దలకూ పిల్లలకూ మధ్య హద్దులు ఎక్కడున్నాయి అన్న ప్రశ్నల చుట్టూ ఒక చికిత్సా పద్ధతిని రూపొందించాడు. ఇది చాలా సమస్యలకు ఉపయోగపడింది గానీ, హింస దగ్గరకు వచ్చేసరికి ఒక ప్రమాదం బయటపడింది. ‘ఇంట్లో అందరూ ఒకరినొకరు ప్రభావితం చేసుకుంటారు’ అన్న మాటను హింసకు యథాతథంగా వర్తింపజేస్తే, కొట్టిన పెద్దవారితో పాటు దెబ్బలు తిన్న బిడ్డకు కూడా ఆ హింసలో వాటా అంటగట్టినట్టు అవుతుంది. స్త్రీవాద విమర్శకులు ఈ లోపాన్ని గట్టిగా ఎత్తి చూపారు, అది పూర్తిగా న్యాయమైన విమర్శ. అందుకే హింస జరిగిన కుటుంబాల కోసం తరువాత తీర్చిదిద్దిన కొన్ని పద్ధతుల్లో, ‘జరిగినదానికి బాధ్యత నాది, తప్పు నీది కాదు’ అని పెద్దవారు బిడ్డకు స్పష్టంగా చెప్పే ఘట్టం ఒకటి ఉంటుంది. దానికి ముందు థెరపిస్టు వారితో విడిగా కూర్చొని ఎంతో సిద్ధం చేయవలసి వస్తుంది. బిడ్డ భయపడుతున్నప్పుడు గానీ, పెద్దవారు జరిగిన హింసను ఒప్పుకోనప్పుడు గానీ అందరినీ ఒకే గదిలో కూర్చోబెట్టడం మంచిది కాదు. అక్కడ బిడ్డ చెప్పిన మాటకు ఇంటికి వెళ్లాక శిక్ష పడవచ్చు.

ఇంత జాగ్రత్తగా రూపొందించిన చికిత్సను మళ్లీ పరీక్షించడం ఎందుకన్న ప్రశ్నకు అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్ర అనుభవం గట్టి సమాధానం. బిడ్డను ఇంటి నుంచి తీసుకెళ్లే పరిస్థితి ఏర్పడిన కుటుంబాలకు కొన్ని నెలల పాటు తీవ్రంగా సహాయం అందించి, విడదీయడాన్ని నివారించాలన్న పథకం అక్కడ నడిచింది. సేవలు పొందిన కుటుంబాల్లో అత్యధికం విడిపోకుండా నిలబడ్డాయి కనుక పథకం విజయవంతమైనట్టే కనిపించింది. 1990ల మొదట్లో జాన్ షూర్‌మన్, టీనా రెప్‌నికీ, జూలియా లిటెల్ అనే పరిశోధకులు కుటుంబాలను లాటరీ పద్ధతిలో రెండు బృందాలుగా విభజించి చూసినప్పుడు, ఆ సేవలు అందని కుటుంబాల్లో కూడా పిల్లలను తీసుకెళ్లినవి తక్కువేనని తేలింది. అంటే పథకంలోకి పంపిన కుటుంబాల్లో ఎక్కువ భాగం అసలు విడిపోయే అంచున లేవు. పోల్చడానికి రెండో బృందం లేకపోయి ఉంటే, ఎలాగూ కలిసే ఉండే కుటుంబాలను చూపి వాటిని తామే నిలబెట్టామని పథకం చెప్పుకొనేది.

లాటరీ అనే మాట వినగానే చాలామంది మనసు నొచ్చుకుంటుంది. బాధలో ఉన్న పిల్లల్లో కొందరికి చికిత్స ఇచ్చి కొందరికి ఇవ్వకపోవడం ఏమి న్యాయమని అడుగుతారు. ఆ నొచ్చుకోలు సహజమే, కానీ అందులో ఒక అపోహ ఉంది. మంచి ప్రయోగంలో రెండో బృందాన్ని గాలికి వదిలేయరు. ఆ ప్రాంతంలో మామూలుగా అందే సేవలన్నీ వారికి అందుతాయి, అధికారుల నిఘా రెండు బృందాల మీదా ఒకే విధంగా ఉంటుంది, ఏ ఇంట్లోనైనా ప్రమాదం పెరిగితే బిడ్డను వెంటనే కాపాడతారు. ఇంట్లో ఉండడమే ప్రమాదకరమైన బిడ్డను ప్రయోగంలోకి తీసుకోనే కూడదు. ఇవన్నీ పాటించిన తరువాత మిగిలే ప్రశ్న ఒక్కటే: కొత్త చికిత్స పాతదానికంటే మేలైనదని మనకు ముందే తెలుసా? తెలిస్తే లాటరీ అన్యాయం. తెలియనప్పుడు మాత్రం, పరీక్షించని చికిత్సను అందరికీ పంచిపెట్టడమే ఎక్కువ అన్యాయమని నేననుకుంటాను. ఎందుకంటే దాని వల్ల మేలు జరగకపోయినా, ఆ నెలలన్నీ బిడ్డ అదే ఇంట్లో గడుపుతుంది.

అసలు కష్టం కొలతలో ఉంది. ప్రయోగాల్లో ఎక్కువగా వాడే కొలత, ఆ కుటుంబం మీద సంరక్షణ శాఖకు మళ్లీ ఫిర్యాదు వచ్చిందా లేదా అన్నది. ఈ కొలతకు బలం ఉంది. తల్లిదండ్రుల మాట మీద అది ఆధారపడదు, ఏళ్ల తరబడి రికార్డుల్లో వెతకవచ్చు. దీనిని వాడిన ప్రయోగాల్లో ప్రసిద్ధమైనది మార్క్ చాఫిన్ బృందం ఓక్లహోమాలో జరిపి 2004లో ప్రచురించినది. పిల్లలను కొట్టినట్టు నిర్ధారణ అయిన 110 మంది తల్లిదండ్రులను మూడు బృందాలుగా విభజించారు. మొదటి బృందానికి ఇచ్చిన చికిత్సలో తల్లి గానీ తండ్రి గానీ బిడ్డతో ఆడుకుంటూ ఉంటే, థెరపిస్టు అద్దం వెనుక నుంచి చూస్తూ, చెవిలో పెట్టిన పరికరం ద్వారా ఆ క్షణంలోనే ఏం చేయాలో, ఏం అనాలో చెబుతుంటారు. రెండో బృందానికి దానితో పాటు మానసిక సమస్యలకూ వ్యసనాలకూ అదనపు సేవలు అందించారు. మూడో బృందం మామూలు పేరెంటింగ్ తరగతులకు వెళ్లింది. సగటున రెండేళ్లకు పైగా గమనించాక, శారీరక హింస గురించి మళ్లీ ఫిర్యాదు వచ్చిన వారు మొదటి బృందంలో 19 శాతం, తరగతులకు వెళ్లిన బృందంలో 49 శాతం. అదనపు సేవలు పొందిన బృందం మొదటి బృందం కంటే మెరుగ్గా రాలేదు.

ఈ ఫలితంలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది ఆ రెండో బృందమే. కష్టాల్లో ఉన్న కుటుంబానికి ఎన్ని సేవలు జోడిస్తే అంత మంచిదని మనకు సహజంగా అనిపిస్తుంది. ఇక్కడ మాత్రం ఎక్కువ సేవలు ఎక్కువ మేలు చేయలేదు. అప్పటికే ఉక్కిరిబిక్కిరి అవుతున్న మనిషిని నాలుగు చోట్లకు తిప్పడం వల్ల అసలు పని మీద ధ్యాస చెదిరి ఉండవచ్చు. తల్లిదండ్రులకూ బిడ్డకూ మధ్య జరిగే చేదు మాటలు, చేతలు తగ్గడమే ఫలితానికి కారణమని పరిశోధకుల విశ్లేషణలో కనిపించింది. ఎంత లాభం వచ్చిందన్న దానితో పాటు ఆ లాభం ఏ మార్గంలో వచ్చిందో చెప్పగలగడం ఇటువంటి ప్రయోగంలోని నిజమైన విలువ.

అయితే ఫిర్యాదు, హింస ఒకటే కావు. ఇంట్లో జరిగే హింసలో చాలా భాగం ఎవరి చెవినా పడదు. పైగా చికిత్స పొందుతున్న కుటుంబం ఇంటికి వారానికి ఒకటి రెండుసార్లు థెరపిస్టు వెళుతుంటారు, ఒంటి మీది గాయాన్ని చూస్తారు, చూసినదాన్ని తెలియజేయవలసిన బాధ్యత వారికి ఉంటుంది. పోలిక బృందం ఇళ్లలో అలా చూసే కన్ను ఉండదు. అందువల్ల హింస నిజంగా తగ్గినా చికిత్స బృందంలో ఫిర్యాదులు తగ్గకపోవచ్చు, పెరగనూ వచ్చు. దీనికి విరుద్ధంగా, కుటుంబంతో స్నేహం పెరిగిన థెరపిస్టు చిన్న సంఘటనను తేలికగా తీసుకుంటే అంకెలు తప్పుగా తగ్గుతాయి. కనుక ఫిర్యాదు ఎవరు చేశారో, చికిత్స సాగుతుండగా వచ్చిందో ముగిశాక వచ్చిందో విడిగా చూపని నివేదికను అనుమానించక తప్పదు.

ఫిర్యాదులతో మరో ఇబ్బంది సంఖ్యకు సంబంధించినది. ఏడాదిలో ప్రతి 100 కుటుంబాల్లో 10 కుటుంబాల మీద మళ్లీ ఫిర్యాదు వస్తుందనుకుందాం, మంచి చికిత్స దానిని 5కు తగ్గిస్తుందనుకుందాం. ఇంత పెద్ద మేలును కూడా గణాంక శాస్త్రం అంగీకరించే స్థాయి నమ్మకంతో పట్టుకోవాలంటే రెండు బృందాల్లోనూ కలిపి 800కు పైగా కుటుంబాలు కావాలి. ఈ రంగంలోని ప్రయోగాలు అందులో పదో వంతుతో జరిగిన సందర్భాలు ఎన్నో. సింథియా స్వెన్సన్ బృందం 2010లో ప్రచురించిన ప్రయోగమే దీనికి ఉదాహరణ. శారీరక హింసకు గురైన 10 నుంచి 17 ఏళ్ల పిల్లలు ఉన్న 86 కుటుంబాల్లో కొన్నింటికి మల్టీసిస్టమిక్ థెరపీ ఇచ్చారు. ఇందులో థెరపిస్టులు కుటుంబం ఇంటికే వెళతారు, ఏ వేళ అవసరమైనా అందుబాటులో ఉంటారు, కుటుంబంతో పాటు బడితోనూ బంధువులతోనూ పనిచేస్తారు. 16 నెలల తరువాత ఆ పిల్లల్లో మానసిక బాధ తగ్గింది, తల్లిదండ్రుల్లోనూ తగ్గింది, ఇంటి నుంచి వేరైన పిల్లలు తక్కువయ్యారు. మళ్లీ హింస జరిగిందన్న నమోదులు కూడా తక్కువగానే ఉన్నాయి, కానీ రెండు బృందాల్లోనూ అటువంటి నమోదులు అతి కొద్దిగా ఉండడంతో ఆ తేడాను ఖాయంగా చెప్పలేకపోయారు. ఈ ప్రయోగాన్ని ‘చికిత్స హింసను ఆపలేదు’ అని చదివినవారూ, ‘ఆపింది’ అని చదివినవారూ ఇద్దరూ పొరబడినట్టే. ఆ ప్రశ్నకు జవాబు చెప్పేంత పరిమాణం దానికి లేదు.

ఫిర్యాదుల మీద నమ్మకం చాలనప్పుడు తల్లిదండ్రులను అడగడం రెండో మార్గం. డేవిడ్ కోల్కో 1996లో ప్రచురించిన పరిశోధనల్లో దీనిని శ్రద్ధగా వాడాడు. ఆలోచనలనూ ప్రవర్తననూ మార్చుకోవడం నేర్పే కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీని తల్లిదండ్రులకూ పిల్లలకూ విడివిడిగా ఇచ్చే విధంగా ఒక బృందానికి, కుటుంబ చికిత్సను మరో బృందానికి కేటాయించి, మామూలు సేవలతో పోల్చాడు. రెండు చికిత్సలూ చాలా కొలతల్లో మామూలు సేవల కంటే మెరుగ్గా వచ్చాయి. అయితే ప్రతి వారం కోపం గురించీ చేయి చేసుకోవడం గురించీ అడిగి నమోదు చేసిన జవాబుల్లో, విడివిడి చికిత్స పొందిన కుటుంబాల్లో ఆ రెండూ కుటుంబ చికిత్స పొందిన వాటి కంటే తక్కువగా ఉన్నాయి. కుటుంబాన్ని కలిపి కూర్చోబెట్టడమే మంచిదని ముందుగానే నమ్మేవారు ఈ ఫలితాన్ని పక్కన పెట్టకూడదు. కోపాన్ని అదుపు చేసుకోవడం నేర్చుకోనిదే సంబంధాలను సరిదిద్దడం మొదలుపెట్టలేమన్న అర్థం ఇందులో ఉండి ఉండవచ్చు.

కానీ బిడ్డను తమ దగ్గర ఉంచుతారో లేదో తేలవలసిన సమయంలో ఉన్న తల్లి ‘ఈ వారం కొట్టారా’ అన్న ప్రశ్నకు ఎంత నిజాయితీగా జవాబిస్తుంది? బిడ్డ ప్రమాదంలో ఉందని తెలిస్తే అధికారులకు చెబుతామని పరిశోధకులు మొదటి రోజే చెప్పాలి, చెప్పడం వారి ధర్మం. ఆ మాట విన్న తరువాత వచ్చే జవాబులు కొంత జాగ్రత్తపడిన జవాబులే అవుతాయి. చికిత్స పొందిన బృందానికి ‘సరైన’ జవాబు ఏదో కూడా ఈసరికి తెలిసి ఉంటుంది. ప్రయోగంలో చేరడానికి ఇచ్చిన సమ్మతికీ ఇదే సమస్య. చేరితే కోర్టులో తమకు మేలు జరుగుతుందని ఆశించి, చేరకపోతే కీడు జరుగుతుందని భయపడి సంతకం పెట్టినవారిది స్వేచ్ఛగా ఇచ్చిన సమ్మతి అనలేం. బిడ్డ తరఫున సంతకం పెట్టేది కూడా ఆ తల్లిదండ్రులే కావడం మరింత ఇబ్బందికరం. అటువంటి చోట బిడ్డ మేలు మాత్రమే చూసే స్వతంత్ర వ్యక్తి ఒకరు ఉండాలి.

ఇక మూడో మార్గం, కళ్లతో చూడడం. డాంటే చికెట్టి, ఫ్రెడ్ రోగోష్, షెరీ టోత్ 2006లో ప్రచురించిన ప్రయోగం ఈ మార్గానికి మంచి నమూనా. హింస, నిర్లక్ష్యం నమోదైన కుటుంబాల్లోని ఏడాది వయసున్న 137 మంది శిశువులనూ వారి తల్లులనూ ఇందులో చేర్చారు. కొందరికి తల్లీబిడ్డల బంధం మీద కేంద్రీకరించే సైకోథెరపీ, కొందరికి పెంపకపు నైపుణ్యాలు నేర్పే శిక్షణ, మిగిలినవారికి మామూలు సేవలు అందాయి. తల్లి కాసేపు గదిలోంచి వెళ్లి తిరిగి వచ్చినప్పుడు శిశువు ఎలా స్పందిస్తుందో వీడియో తీసి, ఏ శిశువు ఏ బృందానిదో తెలియని నిపుణుల చేత అంచనా వేయించారు. తల్లి తిరిగి రాగానే ఊరట పొందే సురక్షిత బంధం మొదట్లో ఈ శిశువుల్లో దాదాపుగా లేదు. చికిత్స ముగిసేసరికి సైకోథెరపీ బృందంలో 61 శాతం, శిక్షణ బృందంలో 55 శాతం శిశువుల్లో అది కనిపించింది. మామూలు సేవల బృందంలో 2 శాతమే. ఈ అంకెల్లో చివరిది చూసి కదలిపోని పాఠకులు ఉండరనుకుంటాను. మరో ఏడాది తరువాత చూస్తే సైకోథెరపీ బృందంలో మార్పు నిలిచింది, నైపుణ్య శిక్షణ బృందంలో అంతగా నిలవలేదని 2013లో వచ్చిన నివేదిక తెలిపింది. చికిత్స ముగిసిన రోజే ప్రయోగాన్నీ ముగించి ఉంటే రెండూ సమానమేనన్న తీర్పు వచ్చేది.

ఈ లెక్కలను ప్రయోగం చేసినవారు ఎవరన్నది కూడా ప్రభావితం చేస్తుంది. చికిత్సను కనిపెట్టినవారే పరీక్షించినప్పుడు థెరపిస్టుల శిక్షణా పర్యవేక్షణా ఉత్తమంగా ఉంటాయి, ఉత్సాహమూ ఉంటుంది. వేరే ఊళ్లో, వేరే జీతాల మీద, రెట్టింపు కేసులు మోస్తున్న ఉద్యోగుల చేతిలో అదే చికిత్స వేరుగా పనిచేయవచ్చు. పోలికకు ఎంచుకున్న ‘మామూలు సేవలు’ ఒక దేశంలో నెలకొక ఫోన్ కాల్ కావచ్చు, మరో దేశంలో చక్కటి సామాజిక సేవ కావచ్చు. ప్రవర్తనా సమస్యలున్న పిల్లల్లో మల్టీసిస్టమిక్ థెరపీ మీద లిటెల్ బృందం 2021లో వెలువరించిన క్రమబద్ధ సమీక్షలో, అంటే జరిగిన ప్రయోగాలన్నిటినీ వెతికి కలిపి చూసిన అధ్యయనంలో, ఇంటి నుంచి పిల్లలను వేరు చేయడం అమెరికా ప్రయోగాల్లో తగ్గిందనీ ఇతర దేశాల్లో తగ్గలేదనీ తేలింది. చికిత్స ఒక్కటే అయినా, దేనితో పోల్చారన్న దానిని బట్టి ఫలితం మారుతుంది.

మధ్యలో మానేసిన కుటుంబాల విషయం క్లుప్తంగా చెప్పవచ్చు. మానేసేవారు తరచుగా అత్యంత కష్టంలో ఉన్నవారే: ఇల్లు ఖాళీ చేయవలసి వచ్చినవారు, వ్యసనం తిరగబెట్టినవారు, ఈలోగా బిడ్డ దూరమైనవారు. చివరిదాకా ఉన్నవారినే లెక్కిస్తే ఏ చికిత్స అయినా మెరుస్తుంది. లాటరీలో ఏ బృందంలో పడ్డారో ఆ బృందంలోనే, మానేసినా సరే, చివర్లో లెక్కించాలన్న నియమం అందుకే ఉంది.

నిర్లక్ష్యం సంగతి మాత్రం విడిగా ఆలోచించవలసినది. దెబ్బ ఒక సంఘటన. దానికి తేదీ ఉంటుంది, గుర్తు ఉంటుంది. నిర్లక్ష్యం నెలల తరబడి జరగకుండా ఉండిపోయిన పనుల మొత్తం, కనుక దాన్ని కొలవడం మరీ కష్టం. అమెరికాలో నమోదైన బాధిత పిల్లల్లో నాలుగింట మూడు వంతుల మంది నిర్లక్ష్యానికి గురైనవారే అయినా, పేరున్న చికిత్సా ప్రయోగాల్లో చాలావరకు శారీరక హింస గురించినవే. ఈ లోటును కొంత తీర్చినది చాఫిన్ బృందమే 2012లో ప్రచురించిన మరో ప్రయోగం. ఇంటి భద్రత, పిల్లల ఆరోగ్యం, తల్లీబిడ్డల వ్యవహారం గురించి ఇంటికే వెళ్లి నేర్పే సేఫ్‌కేర్ అనే పద్ధతిని ఓక్లహోమా రాష్ట్రమంతటా 219 మంది సిబ్బందితో, 2175 మంది తల్లిదండ్రులతో పరీక్షించి, ఆరేళ్ల రికార్డులు చూశారు. మళ్లీ ఫిర్యాదు వచ్చే ప్రమాదం, విశ్లేషణను బట్టి, 17 నుంచి 26 శాతం దాకా తక్కువగా వచ్చింది. చిన్న ప్రయోగాల్లో కనిపించే మెరుపు ఇందులో లేదు, కానీ నేను ఎక్కువగా నమ్మేది ఇటువంటి అంకెనే. మామూలు సిబ్బంది మామూలు పరిస్థితుల్లో సాధించినది కనుక, రేపు మరో చోట మొదలుపెట్టినా ఇంత ఆశించవచ్చు.

చికిత్స తాకలేని కారణాలు కూడా నిర్లక్ష్యంలోనే ఎక్కువగా బయటపడతాయి. అమెరికా రాష్ట్రాల్లో కనీస వేతనం గంటకు ఒక డాలరు పెరిగినప్పుడు నిర్లక్ష్యం గురించిన ఫిర్యాదులు సుమారు 9.6 శాతం తగ్గాయని కెరీ రైసియన్, లిండ్సే బుల్లింగర్ 2017లో ప్రచురించిన అధ్యయనం లెక్కగట్టింది. అద్దె కట్టలేక, పనికి వెళుతూ బిడ్డను చూసేవారు దొరక్క జరిగే నిర్లక్ష్యాన్ని సంభాషణతో సరిచేయబూనడం ఆ తల్లిదండ్రులను అవమానించడమే. చికిత్స ప్రయోగాల్లో కుటుంబాల ఆదాయంలో వచ్చే మార్పులను కూడా నమోదు చేయకపోతే, డబ్బు చేసిన మేలును చికిత్స ఖాతాలో వేసుకునే ప్రమాదం ఉంది.

పెద్దల మధ్య హింస ఉన్న ఇళ్లది ఇంకో హెచ్చరిక. న్యూయార్క్ రాష్ట్రంలోని ఎల్మైరాలో డేవిడ్ ఓల్డ్స్ 400 మంది గర్భిణులతో మొదలుపెట్టిన ప్రయోగంలో, గర్భం నుంచి బిడ్డకు రెండేళ్లు వచ్చేదాకా నర్సులు ఇంటికి వెళ్లి తోడుగా నిలిచారు. ఇది చికిత్స కాదు, నివారణ. 15 ఏళ్ల తరువాత చూస్తే ఆ తల్లుల మీద నిర్ధారణ అయిన ఫిర్యాదులు పోలిక బృందంలో కంటే సుమారు సగానికి సగం తక్కువ. కానీ తల్లి తన భాగస్వామి చేతిలో తరచుగా హింసకు గురవుతున్న ఇళ్లలో ఆ మేలు కనిపించలేదని 2000లో జాన్ ఎకెన్‌రోడ్ బృందం చూపింది. కుటుంబ చికిత్స ప్రయోగాల్లో తల్లి ప్రవర్తనను మాత్రమే కొలిచి, ఆమె మీద జరుగుతున్న హింస గురించి అడగకుండా వదిలేస్తే, చికిత్స విఫలమైన ఇళ్లలో అది ఎందుకు విఫలమైందో ఎప్పటికీ తెలియదు.

ఇన్ని కొలతల్లో అరుదుగా కనిపించేది బిడ్డ మాట. మరీ పసివాళ్లను అడగలేకపోయినా, కాస్త ఎదిగిన పిల్లలు ఇంట్లో తమకు భయం వేస్తోందా, ఎప్పుడు వేస్తోంది, ఎవరితో చెప్పుకోగలరు అన్నది చెప్పగలరు. దానికి పెద్దవాళ్లు వినని చోటు ఒకటి కావాలి. పిల్లలతో మాట్లాడడంలో శిక్షణ పొందిన, ఏ బృందం చికిత్స పొందిందో తెలియని మనిషి కావాలి. చెప్పిన మాట వల్ల ఆ సాయంత్రమే ప్రమాదం వస్తే తక్షణం స్పందించే ఏర్పాటు కావాలి. ఇవన్నీ ఖర్చుతో కూడినవి కనుక ప్రయోగాల బడ్జెట్లలో తరచుగా మొదట కోతపడేవీ ఇవే. ఫిర్యాదుల సంఖ్యనూ తల్లిదండ్రుల జవాబులనూ ఆధారం చేసుకొని ఒక చికిత్స విజయవంతమైందని ప్రకటించేవారిని, ఆ ఇళ్లలోని పిల్లలను విడిగా అడిగారా, అడిగితే వారు ఏమన్నారు, చికిత్స ముగిసిన ఏడాది తరువాత కూడా అదే అన్నారా అని మొదటగా నిలదీయాలి.